ఏడో మునక: ఒక సవరణ కోసం రాసిన ప్రయాణం

ఒక పరిశోధన పత్రికలో అచ్చయిన పట్టికలో ఏడో వరుస తప్పు. ఆ వరుస రాసింది నేనే. తప్పు దిద్దమని సంపాదకుడికి ఉత్తరం రాశాను. అప్పటికే పత్రిక మూతపడింది, ఉత్తరం తిరిగి నా దగ్గరికే వచ్చింది. తప్పు నలుగురి చేతుల్లో, దిద్దుబాటు నా పెట్టెలో ఉండటం నాకు నచ్చలేదు. అందుకే ఆ వరుస కోసం నేను చేసిన నాలుగు రోజుల ప్రయాణాన్ని మొదటి నుంచి రాస్తున్నాను. మాన్వి వైపు వెళ్లనివారికి ఆ ఊళ్ల సంగతి కూడా కొంత తెలుస్తుంది.

నేను రాయచూరులో గడియారాలు బాగుచేస్తాను. బడిలో చదివింది ఆరో తరగతి వరకే. తక్కిన చదువంతా మా ఊరి గ్రంథాలయంలో జరిగింది. అక్కడ పన్నెండు సంపుటాల విజ్ఞాన సర్వస్వం ఉంది. నాలుగో సంపుటాన్ని ఎవరో తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. అందులో ఉండే విషయాలు తప్ప మిగతావాటి మీద నేను ధైర్యంగా మాట్లాడగలను. ఆ ధైర్యంతోనే, హైదరాబాదు నుంచి వచ్చే ఒక పరిశోధన త్రైమాసికంలో నీటి గడియారాల గురించి పడిన వ్యాసంలో మూడు పొరపాట్లు చూపిస్తూ ఉత్తరం రాశాను. రెండు నెలలకు సంపాదకుడి నుంచి లావుపాటి కవరు వచ్చింది. దాని మీద నా పేరుకు ముందు 'డాక్టర్' అని ఉంది. మా బజారులో నన్ను గడియారాల డాక్టరు అనేవాళ్లు ఉన్నారు గనుక ఆ సంగతి ఆయన దాకా వెళ్లిందని సంతోషించాను.

కవరులో టైపు చేసిన వ్యాసం ఒకటి, నియమాల కాగితం ఒకటి ఉన్నాయి. వ్యాసం మీద రచయిత పేరున్న చోటు బ్లేడుతో కోసేసి ఉంది. ఇదేమిటని మా గ్రంథాలయం చూసుకునే ఖాదర్ సాబ్‌ను అడిగాను.

"ఇమ్తిహాన్ పేపర్ దిద్దినట్ల. పేపర్ రాసినోని పేరు సారుకు కనబడొద్దు, సారు పేరు రాసినోనికి తెల్వొద్దు. నీవు మంచిగుందంటేనే వాళ్లు అచ్చేస్తరు," అన్నాడు.

నియమాలు నాలుగే. రచయిత ఎవరో తెలుసుకోకూడదు. మీరెవరో చెప్పకూడదు. వ్యాసంతో సంబంధం ఉన్నవారి దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు. మీరు స్వయంగా సరిచూసినదే రాయాలి.

వ్యాసం మల్లట్ దగ్గరి క్యాంపు గురించి. తుంగభద్ర కాలువ వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి వరి వేసుకున్న రైతుల కొత్త ఊళ్లను మా జిల్లాలో క్యాంపులంటారు. ఆ క్యాంపులో ఒకే పిల్లకాలువ కింద ఉన్న రైతులు నీటి వంతులను చిల్లు గిన్నెతో కొలుచుకుంటారని వ్యాసం చెబుతోంది. గంగాళం నిండా నీళ్లు పోసి, అడుగున సన్నటి చిల్లున్న రాగి గిన్నెను అందులో తేలేస్తారు. నీళ్లు మెల్లగా లోపలికి ఎక్కి గిన్నె మునుగుతుంది. అదొక మునక, ఇరవై నాలుగు నిమిషాలు. తీసి, ఒంపి, మళ్లీ తేలేస్తారు. ఒక్కో రైతుకు ఇన్ని మునకలని లెక్క.

ఇంతవరకు నాకు పేచీ లేదు. ఆరో పేజీ దగ్గర ఆగిపోయాను. గిన్నె దగ్గర కూర్చునే మనిషికి ఆ కాలువ కింద పొలం ఉండకూడదట. నీళ్లు పెట్టుకునే రైతు ఇంట్లోనూ, తరువాత వంతు రైతు ఇంట్లోనూ అతను ఒక్కో పూట భోజనం చేయాలట. ఇద్దరి అన్నం తిన్నవాడు న్యాయంగా ఎలా ఉంటాడు? పక్కన ఎర్ర పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టాను.

"ఇంట్ల కూసోని చదివి, రాసి పంపుతరు గదా?" అన్నాడు ఖాదర్ సాబ్, నేను సంచి సర్దుతుంటే.

"నాలుగో నియమం చూడు సాబ్. సరిచూసిందే రాయాలంట."

"పోయినంక ఎవరన్న నీవెవరంటే ఏమంటవ్?"

"ఏమీ అనను."

"మా కాలంల గసొంటోణ్ణి దొంగచాటుగ తిరిగే ఖుఫియా పోలీసు అంటుండిరి," అని నా చేతిలో గొడుగు పెట్టాడు.

మాన్వి

మాన్వి బస్టాండు ముందు పత్తి బేళ్ల లారీలు నిలబడి ఉంటాయి. గాలిలో ఎప్పుడూ కొంచెం దూది ఎగురుతుంటుంది. అక్కడి హోటల్లో తాలింపు వేసిన బొరుగుల ఒగ్గరణ, మిరపకాయ బజ్జీ తిన్నాను. రాయచూరులో బజ్జీ ఇచ్చి డబ్బు అడుగుతారు. మాన్విలో ముందు సమాచారం అడుగుతారు.

"ఆఫీసు పనా సారూ, సొంత పనా?" అన్నాడు హోటలాయన.

"రెండూ కాదు."

"ఎక్కడికి?"

"మల్లట్ దిక్కు."

అతను ఒక టీ గ్లాసు నా ముందు పెట్టి, "టీ నా తరఫున తాగుండ్రి," అన్నాడు. వ్యాసంలో మాన్వి పేరు మూడుసార్లు వస్తుంది. మూడో నియమం గుర్తొచ్చి, పది పైసలు బల్ల మీద పెట్టి, టీ తాగకుండానే లేచాను. హోటలాయన ముఖం మారిపోయింది. నేను ఎక్కిన బస్సు టాపు మీదికే అతని బావమరిది కూడా ఎక్కి, మల్లట్ రాగానే ఆఫీసరు వస్తున్నాడని పైనుంచే కేకేశాడని నాకు తరువాత తెలిసింది.

మల్లట్

నేను బస్సు దిగేసరికి పదిమంది లేచి నిలబడ్డారు. మా వీధిలో నాకోసం ఇప్పటివరకు ఎవరూ లేవలేదు. ఒక పెద్దాయన చెంబుతో నీళ్లు తెచ్చాడు. వద్దని నా సీసా చూపించాను. జొన్న రొట్టె తెస్తామన్నారు. వద్దన్నాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చిల్లు గిన్నె చూద్దామని వచ్చిన," అన్నాను.

"గదేనా? క్యాంపోళ్లది. దాని గురించి రాసినోడు ఉన్నడు గదా, వాని పేరు..."

నేను గబగబా రెండు చెవులూ మూసుకున్నాను. "పేరు చెప్పొద్దు."

"ఎందుకు సారూ, కేసయిందా వాని మీద?"

"పేరు చెప్పొద్దంటే చెప్పొద్దు."

పెద్దాయన పక్కవాడితో కన్నడంలో ఏదో అన్నాడు. ఈయన పెద్ద ఆఫీసరే, నీళ్లు కూడా ముట్టడు, అని దాని అర్థం. నేను ఆఫీసరును కానని చెప్పాలంటే ఎవరినో చెప్పాలి. రెండో నియమం ఒప్పుకోదు.

క్యాంపు

మర్నాడు పొద్దున్నే క్యాంపుకు నడిచాను. మా వైపు ఊళ్లలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక గడ్డివామి, దాని చుట్టూ బండి తిరిగేంత జాగా ఉన్నాయి. వాకిళ్లలో పేడనీళ్లు చల్లి ముగ్గులు వేశారు. తుంగభద్ర పక్కన కృష్ణా జిల్లా ముక్క ఒకటి కోసి అతికించినట్టుంది.

కాలువ గట్టు మీద గొడవ జరుగుతోంది. ఎగువ పొలం రైతు పుల్లయ్య, దిగువ పొలం రైతు వీర్రాజు తూము దగ్గర నిలబడి చేతి గడియారాలు ఒకరి ముక్కు కిందికి ఒకరు పెట్టుకుంటున్నారు. పుల్లయ్య గడియారంలో తొమ్మిది దాటి పది నిమిషాలు. వీర్రాజుది తొమ్మిదికి పావు తక్కువ. మధ్యవర్తిగా వచ్చినవాడిది ఆగిపోయింది. నా చేతులు ఎంత దురద పెట్టాయో గడియారం పనివాళ్లకే తెలుస్తుంది. బాగుచేస్తే నేనెవరో తెలిసిపోతుంది. వంగి చూడబోతే నా జేబులోంచి కంటికి పెట్టుకునే భూతద్దం జారి గట్టు మీద పడింది. అందరూ దాని మీదికి వంగారు.

"గట్టు పగుళ్లు చూసే యంత్రం," అన్నాడెవరో మెల్లగా.

"చిల్లు గిన్నె యాడుంది?" అని అడిగాను.

"గిన్నేంటండీ?" అన్నాడు పుల్లయ్య. "అన్నం తినే గిన్నాండీ?"

"వంతులు కొలిచే గిన్నె."

"అబ్బే, మాకు అలాంటియ్యేం లేవండి. ఆఫీసోళ్లు ఇచ్చిన వంతుల కాగితం ఉంది. దాని ప్రకారమే, టంచనుగా," అన్నాడు వీర్రాజు. ఇద్దరూ ఆ ఒక్క విషయంలో ఏకమయ్యారు.

ఇల్లిల్లూ అడిగాను. ఎవరూ గిన్నె ఎరగరు. ప్రతి ఇంట్లోనూ భోజనానికి లేవమన్నారు. మా రాయచూరులో వద్దంటే వద్దనే అర్థం. వీళ్లకు వద్దనేది మాట మొదలుపెట్టడం. పుల్లయ్య భార్య రత్తమ్మ వాకిట్లోకి వచ్చి, "ఎండన పడొచ్చారు, గ్లాసుడు మజ్జిగైనా తాక్కపోతే ఇంటికి దోషమండీ," అంది. నేను బయటికి నడిచి, గొడుగు వేసుకుని, సంచిలోని బొరుగులు తిన్నాను. ఎదురుగా పాకలో కుట్టుమిషను ముందు ఒక దర్జీ, మెడలో టేపు వేసుకుని నన్నే చూస్తున్నాడు.

"మీకన్నా తెలుసా గిన్నె సంగతి?" అన్నాను.

"పొలం లేనోణ్ణండి. నన్నేం అడక్కండి," అని తల దించుకున్నాడు. మిషను మీద గుడ్డ లేదు. ఉత్తినే తొక్కుతున్నాడు.

ఆ సాయంత్రం నా నోటు పుస్తకంలో ఇలా రాసుకున్నాను: గిన్నె లేదు. వ్యాసం కల్పన.

మస్కి

కల్పన అని రాసేముందు ఒక్కటి మిగిలింది. గిన్నెలు మస్కి సంతలో దొరుకుతాయని వ్యాసంలో ఉంది. మూడో రోజు మస్కి సంతకు వెళ్లాను. మిరపకాయల కుప్పలు, ఎద్దుల మెడపట్టెలు, గాజుల మలారాలు దాటి వెళ్తే చివర కంచరి పనివాళ్లు కూర్చుంటారు. చనబసప్ప అనే ముసలాయన రాగిరేకు కొడుతున్నాడు. నన్ను చూసి తల ఎత్తకుండానే, "ఊట ఆయిత?" అన్నాడు. భోజనమైందా అని. మా జిల్లాలో అది పలకరింపు, ఎవరైనా అయిందనే అంటారు.

"కాలేదు," అన్నాను, నిజం చెప్పడం అలవాటు కాబట్టి.

సుత్తి ఆగింది. "ఎందుకు కాలేదు?"

మూడు రోజుల సంగతి చెప్పాను, నేనెవరో తప్ప. ఆయన పక్కనున్న గోనె కిందినుంచి ఒక రాగి గిన్నె తీశాడు. అడుగున సూది పట్టేంత చిల్లు.

"క్యాంపోళ్లకు నేనే చేస్త. మూతి అయిదు అంగుళాలు. అయిదంటే అయిదే."

"వ్యాసంల నాలుగు ముప్పావు అని ఉంది."

"కొలిచినోని కొలత తప్పు. అది పోనీ. నీవు ఎవరింట్ల తినలే, నీళ్లు తాగలే. ఇగ వాళ్లు నిజం ఎట్ల చెప్తరు?"

"తింటే వాళ్ల మనిషినయిత కదా."

"ఒకింట్ల తింటే వాని మనిషివి. యాడా తినకపోతే, పైనెవడో తినబెట్టి పంపిండంటరు. రెండిండ్ల తిన్నవనుకో, ఇద్దరి మనిషివి. ఇద్దరి మనిషివంటే ఎవ్వని మనిషివీ కావు." ఆయన జొన్న రొట్టె మీద వేరుశనగల శేంగా చట్నీ వేసి నా చేతిలో పెట్టాడు. "తిను. నాకు పొలం లేదు."

ఆరో పేజీలో నేను ప్రశ్న గుర్తు పెట్టిన వాక్యమే అది. వ్యాసంలో నాలుగు పంక్తులుంది, రొట్టెతో కలిపి వింటే ఒక్క ముక్కలో అర్థమైంది. రెండు రొట్టెలు తిన్నాను. మూడో నియమం అక్కడితో పోయింది.

మళ్లీ క్యాంపు

నాలుగో రోజు పొద్దున తొమ్మిదికి పుల్లయ్య వాకిట్లో నిలబడి, "ఆకలైతుంది," అన్నాను.

రత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, పీట వేసింది. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర, వద్దన్నప్పుడల్లా నెయ్యి. రెండో వాయి అన్నం పడేసరికి పుల్లయ్య గాదె మూత తీసి, వడ్లలోంచి గిన్నె బయటికి తీశాడు.

"ఇదేనండి," అన్నాడు, పెళ్లికూతుర్ని చూపించినట్టు. "మీరు ముద్ద ముట్టరాయె, మేం ఎట్టా చెప్తాం? గవర్నమెంటు కాగితమేమో గంటల్లో ఉంటది. మాకేమో ఇది కుదిరింది. దీని దగ్గర ఆరేళ్లు కూర్చున్న మనిషి ఒకడున్నాడు. వాడే దీన్ని గురించి కాగితాలు రాసి హైదరాబాదు పంపాడంట, మా దర్జీ సూర్యం..."

నా కుడి చెయ్యి పప్పన్నంలో ఉంది. ఒక చెవి మాత్రమే మూయగలిగాను. పేరు రెండో చెవిలో పడింది. మొదటి నియమం కూడా పోయింది.

"అప్పట్నుంచి వాణ్ణి గిన్నె దగ్గరికి పిలవటంలేదండి," అన్నాడు పుల్లయ్య. "వాడు రాసింది నిజమని తేలితే ఆఫీసోళ్లొచ్చి గిన్నె పట్టుకుపోతారు. అబద్ధమని తేలితే వాడు మా మీద అబద్ధాలు రాసినోడవుతాడు. ఎటూ వాడితో కుదరదు కదండీ. ఆర్నెల్లయింది, మా ఇళ్లల్లో వాడి విస్తరి లేచి."

"వారానికి నాలుగు రోజులు మన రెండిళ్లల్లోనే తినేవోడు పాపం," అంది రత్తమ్మ, నాకు మజ్జిగ పోస్తూ.

అక్కణ్నుంచి వీర్రాజు ఇంటికి వెళ్లాను. అతని భార్య సీతమ్మ గోంగూర పచ్చడి, చేపల పులుసు పెట్టింది. "ఆళ్లింట్లో ఎన్ని వాయిలు తిన్నారు?" అని అడిగింది. రెండన్నాను. "అయితే ఇక్కడా రెండేనండి. తక్కువైతే మాకు, ఎక్కువైతే ఆళ్లకీ మాటొస్తది." లెక్క చూసి వడ్డించింది. పచ్చడి మాత్రం లెక్కలోకి రాదంది.

బయటికి వచ్చేసరికి పుల్లయ్య, వీర్రాజు గంగాళం మోసుకొచ్చి తూము పక్కన పందిరి కింద పెట్టారు. ఇవాళ వీర్రాజు వంతు పన్నెండు మునకలు, తరువాత పుల్లయ్యది.

"మీకిక్కడ పొలం లేదు కదండీ?" అన్నాడు వీర్రాజు.

"యాడా లేదు."

"రెండిళ్లల్లో తిన్నారు కదా. కూర్చోండి మరి."

వ్యాసాన్ని సరిచూడటానికి ఇంతకంటే మంచి దారి లేదనిపించింది. గంగాళం ముందు కూర్చుని, జేబు గడియారం తీసి, ఒక కాగితం మీద గీతలు గీశాను. మునక మునకకు ఒక చింతగింజ డబ్బాలో వేయాలి. గిన్నె దగ్గర కూర్చున్నవాణ్ణి ఎవరూ పలకరించకూడదు. కొంతసేపటికి దర్జీ సూర్యం వచ్చి, పందిరికి అవతల, ఎండలో గొంతుక్కూర్చున్నాడు. మెడలో టేపు అలాగే ఉంది. వాడి వాడి సాగిపోయిన టేపు. సాగిన టేపు అయిదు అంగుళాలను నాలుగు ముప్పావు అంటుంది. వ్యాసంలో గిన్నె కొలత పొరపాటు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసి నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు. నా చేతులనే చూస్తున్నాడు.

మొదటి మునక ఇరవై నాలుగు నిమిషాలు. రెండోది ఇరవై నాలుగు. మూడోది ఇరవై నాలుగుకు కొంచెం తక్కువ. వ్యాసంలో ఉన్నది ఉన్నట్టే. పన్నెండు చింతగింజలు పడ్డాక లేచి చేయి ఎత్తాను. వీర్రాజు మడవ కట్టేశాడు. నీళ్లు పుల్లయ్య పొలంలోకి తిరిగాయి. ఎవరూ అరవలేదు. పట్టికలో పన్నెండు వరుసలూ నిండాయి.

"గవర్నమెంటే వచ్చి కూర్చుంది," అన్నాడు పుల్లయ్య జనంతో. "ఇంకెవడు పట్టుకుపోతాడు గిన్నెని? ఒరే సూర్యం, రేపు నువ్వే రా. పొద్దున మా ఇంట్లో, మధ్యాహ్నం ఈళ్లింట్లో."

నేను గవర్నమెంటును కాను. అనడానికి నోరు తెరిచాను. సూర్యం లేచి నిలబడి, టేపు తీసి మడత పెడుతున్నాడు. మడత కుదరక విప్పి, మళ్లీ మొదటినుంచి పెడుతున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు రెండో నియమాన్ని పట్టుకున్నది నియమం కోసం కాదు.

రాయచూరు

సంపాదకుడికి ఎనిమిది పేజీల నివేదిక రాశాను. మూడు నియమాలకు ఏం జరిగిందో దాచలేదు. రొట్టెలు, నెయ్యి, గోంగూర అన్నీ రాశాను. నన్ను గవర్నమెంటు అనుకున్నారనీ, నేను కాదనలేదనీ రాశాను. నాలుగో నియమం మాత్రం చెక్కుచెదరలేదని కింద గీత గీసి రాశాను. ఆయన జవాబు మూడు వాక్యాలు: "సమీక్షకులు సాధారణంగా ఇంట్లో కూర్చుని చదువుతారు. వ్యాసం ప్రచురిస్తున్నాం. మీ పట్టికను పేరు లేకుండా చివర చేరుస్తున్నాం."

వ్యాసం వచ్చింది. కొన్ని వారాలకు సూర్యం మా దుకాణం మెట్లెక్కాడు. చేతిలో వీర్రాజు గడియారం, చంకలో పత్రిక.

"ఇది ఆగిపోయిందండి," అని గడియారం ఇచ్చాడు. నన్ను గుర్తుపట్టినట్టు కనిపించలేదు. నేనూ పట్టలేదు. వెనక మూత తీస్తుంటే పత్రిక తెరిచి బల్ల మీద పెట్టాడు.

"ఈ పట్టిక కట్టినాయన ఎవరో నాకు తెలవదండి. మంచోడే. ఏడో మునక ఇరవై నాలుగు నిమిషాలని ఏశాడండి."

"అయితే?"

"ఆ టైములో ఆయన గురక పెడుతున్నాడండి."

నేను భూతద్దం కంటినుంచి తీయలేదు.

"నీవు లేపలే?"

"గిన్నె దగ్గరున్నోణ్ణి పలకరించకూడదండి. మూడో పేజీలో ఆ ముక్క రాసింది నేనేనండి."

మునిగిన గిన్నె మనిషిని లేపదు. గంగాళం అడుగున అలాగే పడి ఉంటుంది. ఆ రోజు నేను కళ్లు తెరిచేసరికి గిన్నె అడుగున ఉంది. గడియారం చూస్తే ఆరో మునక తరువాత నలభై ఏడు నిమిషాలు. నేను నిద్రపోయి ఉండనని, గడియారం చూడటంలోనే పొరపడ్డానని అనుకుని, చుట్టూ ఉన్న వరుసల్లాగే ఇరవై నాలుగు వేశాను. ఇరవై ఏళ్లుగా ఎవరైనా గడియారం తప్పంటే ఒప్పుకోని నేను, నా గడియారం ఒప్పయినప్పుడు దాన్ని నమ్మలేదు.

"మరి పుల్లయ్య నీళ్లు?" అన్నాను.

"వీర్రాజుగారికి ఒక మునక ఎక్కువ పారిందండి. తరువాతి వారం నేను కూర్చున్నప్పుడు ఇద్దరికీ చెప్పే సర్దేశాను. మనిషి కునుకు తీశాడని చెప్పానండి."

"ఏమన్నరు?"

"పుల్లయ్యగారు గోంగూర పని అన్నారండి. సీతమ్మగారు కాదు, ఆళ్ల నెయ్యి పని అంది. ఇప్పటికీ తేలలేదు."

గడియారం నడిచింది. అతను డబ్బు తీయబోతే వద్దన్నాను. "పుచ్చుకోండి," అన్నాడు. పుచ్చుకున్నాను. తరువాత మా ఇంట్లో భోజనం చేసి వెళ్లాడు.

కాబట్టి ఆ పట్టిక ఉన్నవారు ఏడో వరుసను ఇలా దిద్దుకోవాలి: నలభై ఏడు నిమిషాలు, మునిగిన క్షణం ఎవరూ చూడలేదు. నాలుగు నియమాల్లో నేను నిలబెట్టుకున్నది రెండోది ఒక్కటే. ఈ వాక్యంతో అదీ పోయింది.

గొడుగు ఇచ్చిన ఖాదర్ సాబ్‌కు, తాగని టీకి మాన్వి హోటలాయనకు, రొట్టెతో ఆరో పేజీ అర్థం చెప్పిన చనబసప్పకు, ముద్దపప్పుకు రత్తమ్మకు, లెక్క తప్పని వడ్డనకు సీతమ్మకు, గంగాళం ముందు కూర్చోబెట్టిన వీర్రాజుకు, ఒక మునక ఆలస్యాన్ని ఓర్చుకున్న పుల్లయ్యకు నా కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా సూర్యానికి. తన ఆరు నెలల అన్నం నా చేతిలోని చింతగింజల మీద ఆధారపడి ఉన్న ఆ మధ్యాహ్నం, ఎండలో కూర్చుని, నన్ను లేపనందుకు.